పొగ మానేసిన గొట్టం

"పొగగొట్టం ఎక్కడానికి టికెట్లు తీశాను నాన్నా," అంది మా అమ్మాయి. మా నాన్న ఒక థర్మల్ ప్లాంటులో బూడిద వదిలించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఈ మాట వింటే పడీపడీ నవ్వేవాడు.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉంది బ్యాటర్‌సీ పవర్ స్టేషన్. కోటలాంటి ఇటుక గోడలు, నాలుగు మూలలా తెల్లటి గొట్టాలు. 1930లలో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టి 1983లో ఆగిపోయింది. చాలా ఏళ్లు పైకప్పు లేకుండా పడి ఉండి, 2022 అక్టోబరులో షాపింగ్ మాల్‌గా తెరుచుకుంది. టర్బైన్లు తిరిగిన హాల్లో ఇప్పుడు బట్టల కొట్లు. పాత కంట్రోల్ రూముల్లో ఒకటి బారయింది. మీటర్ల ముందు కూర్చుని తాగొచ్చు. నేను మెనూలో ధరలు చూసి బయటికొచ్చేశాను.

నా కళ్లు బొగ్గు జాడ కోసం వెతికాయి. రేవులో రెండు క్రేన్లు మాత్రం మిగిలాయి. ఓడల్లో వచ్చిన బొగ్గును అవే దించేవి. జోరుగా నడిచిన రోజుల్లో ఏడాదికి పది లక్షల టన్నుల పైమాటే. పొగలోని గంధకాన్ని థేమ్స్ నీళ్లతో కడిగేవారు. కడిగిన నీళ్లు మళ్లీ థేమ్స్‌లోకే! ఇంకో పని మాత్రం మెచ్చుకోవాలి. వృథాగా పోయే వేడిని నది కింద గొట్టాల్లో అవతలి ఒడ్డున పిమ్లికో ఇళ్లకు పంపారు. ఆ ఇళ్లలో బొగ్గు రాజేసే పని తప్పింది.

అసలు తంటా ఇళ్లలోని పొయ్యిలతోనే. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా గాలి కదలని చలి. లక్షల ఇళ్ల పొగ, ఇలాంటి ప్లాంట్ల పొగ పైకి పోలేక ఊరి మీదే కూర్చుంది. అప్పట్లో కట్టిన లెక్క నాలుగు వేల చావులు. తర్వాతి పరిశోధకులు పన్నెండు వేల దాకా అన్నారు. 1956లో చట్టం తెచ్చి, గుర్తించిన ప్రాంతాల్లో పొగ రాని ఇంధనమే వాడాలన్నారు. పొయ్యి మార్చుకునే ఖర్చులో చాలా భాగం సర్కారే భరించింది. ఆ డబ్బు ఇవ్వకపోతే చట్టం కాగితం మీదే ఉండేదని నా అనుమానం.

గాజు లిఫ్టు గొట్టం లోపల్నుంచి 109 మీటర్ల ఎత్తున బయటికి తేలింది. ఇదీ అసలు గొట్టం కాదు, పాతవి పాడైతే కూల్చి అచ్చం అలాగే కట్టారు. కింద నది, రైళ్లు. ఎక్కడా పొగ లేదు. నగరం వదిలిన బొగ్గు ఇంకొన్నేళ్లు దూరపు ప్లాంట్లలో కాలింది. ఆ దేశంలో చివరిది, రాట్‌క్లిఫ్, 2024 సెప్టెంబరు 30న ఆగింది.

నాకు హుస్సేన్‌సాగర్ గుర్తొచ్చింది. నిజాం కాలంలో ఆ ఒడ్డునా బొగ్గు కరెంటు కేంద్రం ఉండేది. ఇప్పుడక్కడ ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమ్యాక్స్. గొట్టం ఆనవాలు కూడా ఉంచలేదు. హైదరాబాదు నడుమ బొగ్గు కాలడం లేదు, నిజమే. రామగుండంలో, పాల్వంచలో కాలుతోంది. నేను పెరిగిన ఊళ్లో (పేరెందుకులెండి) అమ్మ ఆరేసిన బట్టల్ని రెండుసార్లు దులిపి గానీ మడతపెట్టేది కాదు.

లిఫ్టు దిగుతుంటే అమ్మాయి అడిగింది. "తాతయ్య ఉంటే ఏమనేవాడు నాన్నా?"

"ఇంతకీ బూడిదంతా ఎక్కడ పోశారో కనుక్కోరా, అనేవాడు."