శంకరపల్లి యాత్ర

హైదరాబాదునుండి వికారాబాదునకు బోవు రైలుమార్గమున, రంగారెడ్డి జిల్లాలో, శంకరపల్లి యను నూరు గలదు. చుట్టుపట్ల ప్రత్తిచేలును, కూరగాయల మళ్లును కన్నులపండువుగా నుండును. కాని, సోదరీమణులారా! బడికి బోవలసిన బాలిక లెందరో యొకప్పు డిట్టి చేలలోనే కూలి చేయుచుండిరి.

1981లో నెలకొన్న మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, 1991 మొదలు ఈ జిల్లా పల్లెలలోని కూలిపిల్లలను బడికి మరలింప బూనుకొన్నది. దానిని నడపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసె బహుమానము లభించినది. ఎదిగిన బాలికలకు వసతి శిబిరములు పెట్టి, కొన్ని నెలలు చదువు చెప్పి, యీడునకు దగిన తరగతిలో జేర్చుట వీరి పద్ధతి. ప్రభుత్వోపాధ్యాయులును బాలకార్మిక విమోచన వేదికగా నేర్పడి తోడుపడిరి. బడిలో నిలిచిన బాలికకు పెండ్లి వెనుకబడును. పసితనమున గర్భభారమును దప్పును.

నేనును నా భర్తయు నొక పల్లెలో నొక తల్లియింటి యరుగుపై గూర్చుంటిమి. పదునైదవయేటనే కూతునకు పెండ్లి యేల తలపెట్టితివని యడిగితిని.

"బడి దూరమాయె నమ్మా. మేం చేనుకు వోతే పిల్లకు కావలెవరు? ఏండ్లు మీదబడితే కట్నం పెరుగుతది" అనెను.

"మరి యెట్లు మానితివి?"

"పోలీసులొస్తే తలుపేసుకుందుము. వాడకట్టు తల్లులు, పంతులమ్మ, అంగన్‌వాడీ టీచరు వచ్చిరి. పిల్లకు హాస్టల్ల సీటు ఇప్పించిరి. ఇంకేమంటం?"

ఆ బాలిక యిపుడు పదవతరగతి చదువుచున్నది.

నింద వలన గాక, భయకారణమును దీర్చుట వలన నా పెండ్లి యాగినది. 2006 నాటి చట్టము కన్యకు 18 ఏండ్లు నిండవలెనని విధించుచున్నది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15–19 ఏండ్ల బాలికలలో తల్లులైనవారును గర్భిణులును కలిసి తెలంగాణమున నూటికి 5.8, మా ఆంధ్రప్రదేశమున 12.6 మంది యని తేలినది. ఎముక ముదురని దేహమున గర్భము తల్లికి గుఱ్ఱపువాతము వంటి గండములను, శిశువునకు తక్కువ తూకమును దెచ్చును.

సావిత్రి యుక్తవయస్కురాలై, రథమెక్కి తానే వరుని వెదకికొన్నదని చదువుకొన్నాము. పొరుగింట బాలిక పెండ్లిమాట వినబడినచో, ముందుగా ఆమె బడిసంగతి విచారింపుడు. మాట చెల్లనిచో 1098 సంఖ్యకు ఫోను చేయుడు. అరుగు దిగి పొరుగింటికి బోవుట మనకు గష్టము గాదు గదా!