కొలిమి దగ్గర కబుర్లు

ఐర్లండులో మాక్‌గోవన్ అని ఒక యింటిపేరు వుంది. ‘కమ్మరి కొడుకు’ అని దానికి అర్థం. ఇంగ్లీషువారి హయాంలో కొందరు దాన్ని స్మిత్ అని మార్చుకున్నారు. పేరు మారినా కొలిమి వాసన పోలేదన్నమాట!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఐర్లండు కమ్మరితో పనేమిటని మీరడగవచ్చు. క్లాసులో ‘సమ్మెటపోటు’ అన్న మాట వచ్చినప్పుడు, సమ్మెటను చూసినవాళ్లు చేతులెత్తండంటాను. ఒకటీ అరా తప్ప లేవవు. దాకలి, తిత్తి అనే మాటలు నిఘంటువులో తలదాచుకున్నాయి. అందుకే, తమ కొలిముల ముచ్చట్లను ఐర్లండువారు దాచుకున్న తీరు నాకు నచ్చింది.

అక్కడి పల్లెల్లో గుర్రానికి లాడం కొట్టించాలన్నా, నాగటికి మరమ్మతు చేయించాలన్నా, బండిచక్రానికి ఇనుపపట్టా ఎర్రగా కాల్చి తొడిగించాలన్నా కమ్మరి దగ్గరికే పోవాలి. పని తెమిలేదాకా కూర్చోవాలి గనుక వూరి కబుర్లన్నీ అక్కడే. ఇనుము చల్లార్చిన తొట్టినీళ్లు రాస్తే పులిపిర్లు పోతాయని నమ్మేవారు. 1798 తిరుగుబాటుకు బల్లేలు చేసిపెట్టిందీ ఈ కమ్మరులే.

1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద కమిషన్, 26 కౌంటీలలోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక పని అప్పగించింది. మామూలు వ్యాసరచనకు బదులు, యింట్లో పెద్దలను అడిగి పాత సంగతులు రాసుకు రమ్మంది. వాటిలో వూరి కొలిమి ఒకటి. కొలుములెన్ని, కమ్మరులెవరు, తిత్తి ఎలాంటిది, ఏ పనిముట్లు చేస్తారు — అన్నీ పిల్లలు రాశారు.

సమయానికే రాయించారు. 1946లో ఫెర్గూసన్ చిన్న ట్రాక్టరు వచ్చింది. దాని సృష్టికర్త హారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతుబిడ్డే! 1950, 60లలో గుర్రాలు పొలం వదిలాయి. వాటి వెనకే కొలుములూ ఒక్కొక్కటే చల్లారాయి. లాడాలు కొట్టేవారు నేటికీ వున్నారు. కాని వారు గ్యాసుకొలిమిని వ్యానులో పెట్టుకుని గుర్రం దగ్గరికే వెళుతున్నారు. పని మిగిలింది, కూర్చుని కబుర్లాడే చోటు పోయింది.

పిల్లల నోటుపుస్తకాలు మాత్రం భద్రంగా వున్నాయి. ఇంటర్నెట్టులో యెవరైనా చదువుకోవచ్చు.

మన యిళ్లలోనూ తాతలున్నారు, అమ్మమ్మలున్నారు. ఈసారి సెలవుల్లో మీ పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం యివ్వండి. ‘‘తాతయ్యా, మీ వూళ్లో కొలిమి యెక్కడుండేది?’’ అని అడగమనండి. ఆ తర్వాత తాతగారిని ఆపడం మీ తరం కాదు.