మా హాస్టల్ గడ్డి, మా చెల్లి చదువు

పోస్టు కొంచెం పెద్దగా వచ్చింది, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

నాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీ, కోయ. డిగ్రీ సెకండియర్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటోణ్ణి. ఇక్కడ "మీ నాన్న ఏం చేస్తారు?" అని ఎవరడిగినా "వ్యవసాయం" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అబద్ధమేం కాదు, ఎకరంన్నర పోడు ఉంది. కానీ ఇల్లు నడిచేది మేకల మీద. ఆ మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. ఫస్టియర్లో ఒకడికి ఎట్లానో తెలిసింది. నేను కనపడితే చాలు, నెల రోజులు "మే... మే..." అని అరిచాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. లైట్లు ఆపేసి పడుకున్నాక మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా.

మా హాస్టల్ చుట్టూ రెండెకరాల దాకా ఖాళీ జాగా ఉంటుంది. ముందు లాన్, వెనక అంతా గడ్డి. వానలు పడితే వెనక గడ్డి మోకాలు దాటుతుంది. తోటమాలి లేడు. గడ్డి కోసే మిషన్ అద్దెకు తేవాలంటే మనిషి కూలి, పెట్రోలు అన్నీ కలిపి ఒకసారికి రెండు వేల దాకా అవుతుంది. అందుకే ఎవరైనా పెద్ద సార్లు వచ్చే ముందే ఆ మిషన్ వస్తుంది. మిగతా ఆదివారాలు శ్రమదానం అని మా చేతికి కొడవళ్ళు ఇస్తారు.

పోయిన ఆగస్టులో బాత్రూముల దారిలో కట్లపాము కనపడింది. అప్పటి నుంచి జూనియర్ పిల్లలు రాత్రి బయటికి పోవాలంటే నలుగురు కలిసి ఫోన్ లైట్లు వేసుకుని పోయేవాళ్ళు. ఆ తర్వాతి ఆదివారం కొడవలి తగిలి ఒక తమ్ముడి వేలు తెగింది, మూడు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం కోసిన గడ్డి కుప్ప పోసి తగలబెడుతుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నా. నా కళ్ళకు అది చెత్తలాగా కనపడలేదు, మేతలాగా కనపడింది.

ఆ రాత్రే ఫోన్లో వెతికా. గడ్డి కోయడానికి జీవాలను పెట్టుకోవడం మన ఊళ్ళ సంగతే అనుకున్నా గానీ కాదు. గడ్డి కోసే మిషన్ 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన పేటెంట్ తీసుకునేదాకా అక్కడి దొరల బంగళాల ముందు గడ్డిని కొడవళ్ళో గొర్రెలో చూసుకునేవి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1934 దాకా గొర్రెల మంద ఉండేది, ఆ జాగాను ఇప్పటికీ గొర్రెల మైదానం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు, 1918లో, అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వైట్‌హౌస్ ముందు గొర్రెలను మేపించాడు. గడ్డి కోసే మనుషుల్ని ఆ పని నుంచి తప్పించొచ్చు, పైగా ఉన్ని వేలం వేస్తే వచ్చిన డబ్బు రెడ్‌క్రాస్‌కు పోయింది. గూగుల్ వాళ్ళు కూడా 2009లో కాలిఫోర్నియాలో తమ ఆఫీసు దగ్గర గడ్డికి రెండు వందల మేకలను అద్దెకు తెచ్చుకున్నారు.

చదువుతుంటే ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క ఏడుపొచ్చింది. గూగుల్ వాకిట్లో మేక మేస్తే పర్యావరణం. మా ఇంటి మేకను నేను కాలేజీలో దాచుకుంటున్నా.

పొద్దున్నే చెల్లికి ఫోన్ చేశా. మా చెల్లికి పదిహేడేళ్ళు. మా అమ్మకు ఒంట్లో బాగాలేక మంచం పట్టిన ఏడాది, చెల్లి ఎనిమిదో తరగతి అయ్యాక ఆగిపోయింది. అప్పుడు నేను ఇంటర్లో ఉన్నా. మేకలు ఎవరు కాయాలి అని మాట వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. నేను కూడా తల ఎత్తలేదు.

సంగతంతా చెప్తే అది ముందు నవ్వింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏం గడ్డి అన్నా అది? గరికా, తుంగా, ఇంకేమన్నానా?"

"అన్నీ ఉన్నాయి. వయ్యారిభామ కూడా ఉంది."

"దాన్ని జీవాలు ముట్టవు. అది మీరే పూత రాకముందు పీకాలి, చేతులకు ఏమన్నా తొడుక్కుని. గన్నేరు చెట్లున్నాయా?"

గేటు దగ్గర వరసగా ఉన్నాయి. ఆ సంగతే నాకు తట్టలేదు. గన్నేరు ఆకు తింటే జీవం చచ్చిపోతుంది.

"గడ్డి మందు కొట్టారా ఈ మధ్య? ప్లాస్టిక్ కవర్లు పడేస్తారా అక్కడ?" అని అడిగింది. మందు కొట్టలేదు గానీ, మెస్ వెనక కవర్ల సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"ఇంకోటి, మేకలు వద్దు, గొర్రెలను తెప్పించు. మేక తల పైకి పెడుతుంది, గొర్రె తల కిందికి పెడుతుంది."

ఇంతకంటే బాగా మా బోటనీ సార్ కూడా చెప్పలేడు. మేక ముందు ఆకు, కొమ్మ, తుప్ప చూసుకుంటుంది. గొర్రె నేల మీద గడ్డిని మొదలుకు దగ్గరగా కొరుకుతుంది. ఆవు గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది కాబట్టి అంత దగ్గరగా తినలేదు. ఈ మూడింటికీ పైన ముందు పళ్ళు ఉండవు. ఇన్నేళ్ళు వాటి వెనక తిరిగి కూడా నేను దీన్నొక చదువులాగా ఎప్పుడూ అనుకోలేదు.

చెల్లి ఇంకో మూడు చెప్పింది. మంచు ఆరకముందు వదలొద్దు, తడి గడ్డితో పాటు పురుగు కడుపులోకి పోతుంది. తొలకరి లేత గడ్డి మీద ఆకలితో ఉన్న మందను ఒక్కసారిగా వదలొద్దు, చిటుకు రోగం వస్తుంది, టీకా వేయించారో లేదో కాపరిని అడగాలి. ఒకే చోట రోజూ మేపొద్దు, గడ్డి మళ్ళీ లేచేదాకా జాగా మార్చాలి. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా. డిగ్రీలో నేను అంత శ్రద్ధగా రాసుకున్న నోట్స్ ఇదొక్కటే అనుకుంటా.

వార్డెన్ సార్‌కు కాగితం రాసిస్తే చదివి, "హాస్టల్‌ని దొడ్డి చేస్తావా?" అన్నారు. వారం తర్వాత ఇంకో పాము కనపడింది. అప్పుడు ఆయనే పిలిచి "ఒక్క ఆదివారం చూద్దాం" అన్నారు.

మా హాస్టల్‌కు దగ్గర్లో గొర్రెలు కాసే ఒక తాత ఉన్నాడు. డబ్బులేం వద్దు, మేత దొరికితే చాలన్నాడు. శనివారం పదిమందిమి కలిసి కవర్లు, సీసాలు ఏరేశాం, ఆరు బస్తాలు అయ్యాయి. గన్నేరు వైపు తాడు కట్టాం. ఆదివారం మంచు ఆరాక తాత ఇరవై రెండు జీవాలను తోలుకొచ్చాడు.

అంతా బాగా జరిగిందని చెప్తే అబద్ధం అవుతుంది. ఆ ఇరవై రెండులో నాలుగు మేకలు. నేను అటు తిరిగేలోపు ఒకటి వార్డెన్ సార్ మందార కొమ్మ అందుకుంది. ఇంకోటి గోడ మీద ఆరేసిన తువ్వాలు నమిలింది. దారంతా పెంటికలు, ఒకడు జారి పడ్డాడు కూడా. "మే... మే..." అన్నవాడు వరండాలో నిలబడి వీడియో తీశాడు. సాయంత్రం నేను చీపురు పట్టుకుని దారి ఊడ్చి, ఆ పెంటికలు కరివేపాకు చెట్టు మొదట్లో పోశా.

కానీ గడ్డి తగ్గింది. వరసగా నాలుగు ఆదివారాలు జాగా మార్చి మేపేసరికి బాత్రూముల దారి పక్కన నేల కనపడింది. గొర్రె ఒకటి రోజుకు నాలుగైదు కిలోల పచ్చిగడ్డి తింటుంది, మంద మొత్తానికి లెక్క మీరే వేసుకోండి. వయ్యారిభామ మేమే పీకాం. ముదిరిన గడ్డి దుబ్బులు అవి వదిలేశాయి, వాటికి మిషన్ తప్పలేదు, ఒక్కసారి తెచ్చారు. ముందు లాన్ వైపు మందను రానివ్వలేదు, అది సార్ షరతు. పాములు పూర్తిగా పోయాయని నేను అనను. దారి కనపడుతోంది, జూనియర్లు ఒక్కొక్కరే పోతున్నారు. అది చాలు.

నాలుగో ఆదివారం సార్ అడిగారు, "ఇవన్నీ నీకు ఎవరు చెప్పారు?"

"మా చెల్లి సార్. మాది మేకలు కాసే ఇల్లు" అన్నా.

రెండేళ్ళలో మొదటిసారి చెప్పా. వీడియో తీసినవాడు పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

అన్నలారా, నాకు ఇందులో ఒక్కటి మింగుడు పడటం లేదు. మా ఊరి దగ్గర చెల్లి మేకలను అడవి అంచుకు తోలితే "మేకలు అడవిని తినేస్తున్నాయి" అని అదిలించేవాళ్ళు ఉన్నారు. మందను ఒకే చోట వదిలేస్తే మొక్కలు పాడయ్యే మాట నిజమే, మా చెల్లి కూడా అదే చెప్పింది. కానీ జాగా మార్చి మేపడం తెలిసినవాళ్ళు కూడా మనవాళ్ళే. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపుకునే హక్కు సామూహిక హక్కుల కింద రాసి ఉంది. మీ ఊరి గ్రామసభలో సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టేటప్పుడు మేత జాగాలు కూడా రాయించండి. పోడు పట్టా గొడవలో పడి మనం అది మర్చిపోతున్నాం.

చివరగా నా సంగతి. తెలంగాణ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పద్నాలుగేళ్ళు నిండితే చేరొచ్చు. రోజూ బడికి పోనక్కర్లేదు. మొన్న ఇంటికి పోయి చెల్లికి ఆ సంగతి చెప్పా. మేకల మధ్య నిలబడి విన్నది. విని ఒక్కటే అడిగింది.

"మరి మేకలు ఎవరు కాస్తారన్నా?"

ఈసారి నేను తల దించుకోలేదు. క్లాసులు జరిగే సెలవు రోజుల్లో నేనొచ్చి కాస్తా, మిగతా రోజులకు నాన్నతో మాట్లాడతా అన్నా. అది నమ్మిందో లేదో తెలీదు. నా బస్సు చార్జీలకే కష్టంగా ఉంది, ప్రతిసారీ రాగలనో లేదో నాకే తెలీదు. నాన్న ఇంకా ఔననలేదు. "చూద్దాం" అన్నాడు.

ఇళ్ళ దగ్గర ఇట్లాంటి చెల్లెళ్ళు ఉన్నవాళ్ళు, ఓపెన్ స్కూల్లో చదివించినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇంటి పని ఎట్లా సర్దుకున్నారో కింద రాయండి. నాకు నిజంగా అవసరం.

తప్పులుంటే మన్నించండి. జై ఆదివాసీ.