పాత జీపు – పాత రంగు

మా తండ్రిగారు వాడిన మహీంద్రా జీపు నేటికిని మా యింట కలదు. 1953లో అమెరికాలో విల్లిస్ వారు వెలువరించిన నమూనా యిది. యంత్రము ఎత్తైనదగుటచే బానెట్టును ఎత్తు చేయవలసివచ్చెను.

గత వేసవి సెలవులలో, క్రొత్తరంగు వేయింపక మొదటి రంగునే నిలుపవలెనని పూనుకొంటిమి. సబ్బునీట కడిగి, వెలిసిన పైపొరను రబ్బింగు కాంపౌండుతో మెల్లగా రుద్దగా అసలు ఆకుపచ్చ తేటపడెను. ఆ యుత్సాహమున ఒక అంచును మితిమీరి రుద్దితిమి; ఇనుము బయటపడెను. పోయిన పొర తిరిగి రాదు.

పిదప తుప్పుపట్టిన చోటులను మాత్రమే గీకి, ప్రైమరు పూసి, సన్నని కుంచెతో దిద్దితిమి. సీటు క్రింద ఎండ సోకని రంగును చూచి కలిపిన రంగు, ఎండకు వెలిసిన పైభాగమున మచ్చవలె కనబడెను. కావున దానిని తుడిచివేసి, ప్రక్కనున్న వెలిసిన రంగును చూచి మరల కలిపితిమి. అప్పుడు కుదిరెను.

తండ్రిగారి మోచేయి ఆని అరిగిన చోటు నొక్కదానిని దిద్దలేదు. తుప్పు పట్టకుండ మైనము మాత్రము పట్టించుచున్నాము.

“మాస్టరుగారూ, ఇచ్చట రంగు మరచితిరా?” అని మా విద్యార్థి యొకడు అడిగెను.

మరువలేదు నాయనా, మరువకూడదనియే విడిచితిమని చెప్పితిమి.