మా ప్రింటర్ డోర్ నంబర్

"కనెక్టెడ్" అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలున్నాయి. ప్రింటర్ స్క్రీన్ మీద కనిపిస్తే, అది వైఫైలోకి వచ్చిందని అర్థం. అమ్మ నోట వస్తే, కాగితం బయటికి వచ్చిందని అర్థం. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో ఆ ప్రింటర్ కొన్నాకే తెలిసింది. ఆ దూరం దాటడానికి కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టు సగం పనికొచ్చింది. మిగతా సగం మా వీధి నేర్పింది.

మాది సోమందేపల్లి. పెనుకొండకీ హిందూపురానికీ మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. అమ్మ పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది. ఆ కాగితాల కోసమే ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నాం. అది వచ్చిన నెలకే వీధిలోవాళ్లు రావడం మొదలైంది. 2025 జనవరిలో ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా ఫోన్‌లోకే వచ్చేస్తుంది. కానీ కౌంటర్ దగ్గర మాత్రం "ప్రింట్ ఏది?" అనే అడుగుతారు. శనక్కాయల లోన్ రెన్యువల్‌కి 1బి, అడంగల్, పిల్లల అడ్మిషన్లకి ఇన్‌కమ్ సర్టిఫికెట్, పరీక్షలకి హాల్ టికెట్, అన్నీ మా వసారాలోకి రాసాగాయి. అమ్మకి నాలుగు రూపాయలు వస్తాయి. అంతకన్నా, "ఆయమ్మ దగ్గరికి పోతే పనైపోతాది" అనే పేరొచ్చింది. ఆ పేరంటే అమ్మకి ఇష్టం.

వచ్చే ఫైళ్లన్నీ ఫోన్లలో ఉంటాయి కాబట్టి కేబుల్‌తో పని కాదు, వైఫై కావాల్సిందే.

మొదటి చిక్కు గోడ దగ్గర వచ్చింది. మాది పాత ఇల్లు, రాతి గోడలు. రౌటర్ లోపలి గదిలో, ప్రింటర్ వసారాలో. ఇప్పటి రౌటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఇస్తాయి. 2.4 తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అంటే జానలో సగం. 5 తరంగం అందులో సగం కూడా ఉండదు. వేగం ఎక్కువే గానీ గోడలు దాటేసరికి త్వరగా నీరసపడిపోతుంది. తక్కువ ధర ప్రింటర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు, మాదీ అంతే. అందుకే రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకీ వేరు వేరు పేర్లు పెట్టి, ప్రింటర్‌ని 2.4 పేరుకి కలిపాను. పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా డబ్ల్యూపీఎస్ బటన్ వాడొచ్చు. రౌటర్ మీద బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ వైఫై బటన్ నొక్కితే చాలు. స్క్రీన్ మీద "కనెక్టెడ్" అని వచ్చింది. ఫోన్ నుంచీ ల్యాప్‌టాప్ నుంచీ ప్రింట్లు వచ్చాయి. నేను హాస్టల్‌కి వెళ్లిపోయాను.

అసలు కథ తర్వాత మొదలైంది. ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్. ఎదురింటి మామ బ్యాంకుకు పోవాలి, 1బి ప్రింట్ కావాలి. అమ్మ ల్యాప్‌టాప్‌లో తీసింది, ప్రింట్ నొక్కితే "ఆఫ్‌లైన్" అంటోంది. తమాషా ఏమిటంటే పది నిమిషాల ముందే ఫోన్ నుంచి ఒక హాల్ టికెట్ ప్రింట్ అయింది.

"ప్రింటర్ ఈడనే ఉండాది, లైటు ఎలగతాంది. ఫోనుకి కనపడేది ల్యాప్‌టాప్‌కి యాల కనపడదు?" అని అడిగింది.

చాలా మంచి ప్రశ్న. ఎగ్జామ్‌లో అడిగితే పది మార్కులకి రాస్తాను. కానీ నాకు ఆ జవాబు ఇంగ్లీషులోనే వచ్చు. డీహెచ్‌సీపీ లీజ్, స్టాటిక్ పోర్ట్, మల్టీకాస్ట్ అంటే అమ్మకేం అర్థమవుతుంది? వీడియో కాల్‌లో "అది నొక్కు, ఇది నొక్కు" అంటూ ఇరవై నిమిషాలు గడిపాం. ప్రింట్ వచ్చేసరికి మామ బస్టాండ్ దగ్గర షాపుకి వెళ్లిపోయాడు. ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఒక మాటంది.

"ప్రతిసారీ నీకు ఫోన్ చేయల్ల అంటే ఇది నా మిషన్ ఎట్లయితాది రా?"

ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను. ప్రింటర్ బాగుచేయడం ఒక పని. అమ్మకి నా అవసరం లేకుండా చేయడం ఇంకో పని. రెండోదానికి అమ్మకి అర్థమయ్యే భాషలో ఆ జవాబు కావాలి. అది మా ఊళ్లోనే దొరికింది.

మా వీధిలో ఎవరి ఇంటికైనా రెండు రకాలుగా పోవచ్చు. డోర్ నంబర్ కాగితం మీద రాసుకుని నేరుగా ఆ తలుపు తట్టడం ఒకటి. వీధి మొదట్లో నిలబడి "టైలర్ వాళ్ల ఇల్లు యాడప్పా?" అని గట్టిగా అడగడం ఇంకొకటి. వాళ్లు ఇంట్లో ఉంటే "ఈడ, ఈడ" అని పలుకుతారు.

ఫోన్ రెండో పద్ధతిలో పోతుంది. ప్రింట్ నొక్కగానే 224.0.0.251 అనే ఒక ఉమ్మడి అడ్రస్‌కి "ఇక్కడ ప్రింటర్ ఎవరు?" అని కేక వేస్తుంది. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్ "నేనున్నాను, నా నంబర్ ఇది" అని పలుకుతుంది. దీన్ని మల్టీకాస్ట్ డీఎన్ఎస్ అంటారు. స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోచ్‌మల్ రాసిన దీని ప్రమాణం 2013లో ఆర్ఎఫ్‌సీ 6762గా వచ్చింది. యాపిల్ 2010లో తెచ్చిన ఎయిర్‌ప్రింట్ వెనక ఉన్నది కూడా ఈ కేకే.

మా ల్యాప్‌టాప్ మొదటి పద్ధతిలో పోతోంది. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసిన రోజు ప్రింటర్‌కి ఏ ఐపీ నంబర్ ఉందో దాన్ని రాసిపెట్టుకుంది. ప్రతిసారీ ఆ తలుపే తడుతుంది. కానీ ఐపీ నంబర్ అనేది అద్దె ఇల్లు. రౌటర్ కొంత గడువుకి ఇస్తుంది. కరెంటు పోయి వస్తే అందరూ మళ్లీ వరసలో నిలబడతారు, పాత ఇల్లే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఆ ముందు రాత్రి మాకు రెండుసార్లు కరెంటు పోయింది. ప్రింటర్ ఇల్లు మారింది. ల్యాప్‌టాప్ పాత ఇంటి తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే "ఆఫ్‌లైన్" అంది. ప్రింటర్ మంచిదే, వైఫై మంచిదే, ల్యాప్‌టాప్ కూడా మంచిదే. నంబర్ ఒక్కటే పాతది.

తర్వాతి వారం ఇంటికి వెళ్లి ఇదంతా అమ్మకి చెబితే, "మరి దానికి సొంతిల్లు ఇప్పియ్" అంది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌కి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సొంతిల్లు ఇప్పించడం ఇలా. ప్రతి ప్రింటర్‌కీ మ్యాక్ అడ్రస్ అని 12 అంకెలు, అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో మన పుట్టుమచ్చలు రాస్తారు కదా, అలాంటిదన్నమాట. ఇల్లు మారినా అది మారదు. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీస్తే అందులో కనిపిస్తుంది. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరిచి, డీహెచ్‌సీపీ సెట్టింగ్స్‌లో "ఈ పుట్టుమచ్చ ఉన్నవాడికి ఎప్పుడూ 192.168.1.50 ఇవ్వు" అని రాసి సేవ్ చేయాలి. మీ రౌటర్ 192.168.0 తో మొదలైతే నంబర్ దానికి తగ్గట్టు పెట్టుకోండి. ఈ నంబర్లు ఇళ్ల లోపల వాడుకోవడానికి కేటాయించినవి. ఊరూరా ఒక ఆంజనేయస్వామి గుడి ఉన్నట్టు, మా ఇంట్లో ఉన్న నంబరే మీ ఇంట్లోనూ ఉండొచ్చు, గొడవ రాదు. ఆఖరుగా ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ పోర్ట్‌ని ఈ కొత్త నంబర్‌కి మార్చాలి. నంబర్‌ని ప్రింటర్‌లోనే పెట్టేయొచ్చు కదా అంటారేమో. అప్పుడు ఆ సంగతి రౌటర్‌కి తెలీదు, అదే నంబర్ ఇంకో ఫోన్‌కి ఇచ్చేయగలదు. ఒకే ఇల్లు ఇద్దరికి అద్దెకిచ్చినట్టు అవుతుంది.

ఇంకో సంగతి. వచ్చినవాళ్ల ఫోన్లని గెస్ట్ వైఫైలో పెడితే వాళ్లకి ప్రింటర్ కనపడదు. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లని సాధారణంగా ఇంట్లోని మిషన్లతో మాట్లాడనివ్వరు, కేక వేసినా వినపడదు. చాలా హాస్టల్ వైఫైలలోనూ ఇదే పద్ధతి. అది భద్రత కోసమే కాబట్టి మేమూ అలాగే ఉంచాం. వీధివాళ్లు పీడీఎఫ్‌ని అమ్మకి వాట్సాప్ చేస్తారు, అమ్మ తన ఫోన్ నుంచి ప్రింట్ తీసి ఫైల్ డిలీట్ చేస్తుంది. అందులో ఆధార్ నంబర్లు, భూమి వివరాలు ఉంటాయి కదా.

మా ప్రింటర్ మెనూలో తెలుగు లేదు. అందుకని ఒక కాగితం తెలుగులో రాసి, ప్రింట్ తీసి, ప్రింటర్ పక్కన గోడకి అంటించాం. నేను చెప్పాను, మాటలు అమ్మ మార్చింది. "రౌటర్ రీబూట్ అయ్యాక" అన్నదాన్ని కొట్టేసి తనకి నచ్చినట్టు చెప్పింది. ఇప్పుడు అందులో ఇలా ఉంది:

1. కరెంటు వచ్చినాక రౌటర్ పచ్చలైటు నిలకడగా ఎలిగేదాకా ఆగల్ల. అంతవరకు ప్రింటర్ ఆన్ చేయొద్దు.

2. ఫోనులో ప్రింటర్ కనపడకుంటే, ఫోను మన వైఫైలో ఉండాదో లేదో చూడల్ల. జియో నెట్టులో ఉంటే కనపడదు.

3. ల్యాప్‌టాప్ ఆఫ్‌లైన్ అంటే, ప్రింటర్‌లో నెట్‌వర్క్ పేజీ తీసి నంబరు చూడల్ల. చివర 50 ఉండల్ల. లేకుంటే ప్రింటర్ ఒకసారి ఆపి ఆన్ చేయల్ల.

4. ముందు పేపరు ఉండాదో లేదో చూడు.

నాలుగోది అమ్మ సొంతంగా చేర్చింది. మూడుసార్లు ఉపయోగపడింది అదొక్కటేనట. రిజర్వేషన్ పెట్టాక ప్రింటర్ గురించి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. మొన్న పక్క వీధిలో ఒకావిడ ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటే అమ్మే వెళ్లి, "కరెంటు పోయిందా? అయితే ఇల్లు మారుంటాది" అని చెప్పిందట. ఆ ఇంటి రౌటర్‌లో సెట్టింగ్ పెట్టడానికి దసరా సెలవుల్లో నన్ను రమ్మంది. ఈసారి నేను పక్కన కూర్చుంటాను, మౌస్ అమ్మ చేతిలో ఉంటుంది.