తల్లిపాల బిడ్డ తూకము



భిక్నూర్ చుట్టుప్రక్కల పల్లెలకు గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు, చంటిబిడ్డ ఉన్న ఇంట మేము తరచుగా ఒకే మాట వినుచున్నాము: "అయ్యగారూ, పాలు సరిపోతలేవు, ప్రార్థన చెయ్యండి." ప్రార్థన చేయుదుము. తరువాత అంగన్‌వాడీ కార్డు చూపమని అడుగుదుము.

ఒక ఇంట ఐదు నెలల ఆడబిడ్డ. తల్లి బీడీలు చుట్టును. 2.8 కిలోలతో పుట్టిన పిల్ల మూడు నెలలకు 5.1 కిలోలైనది, ఆ తరువాత నెలకు అర కిలో మాత్రమే. ప్రక్కింటి డబ్బాపాల పిల్లవాడు బొద్దుగా ఉన్నాడు. అత్తగారు డబ్బా కొనుటకు డబ్బు తీసి పెట్టిరి. కోడలు తనలోనే లోపమున్నదని ఏడ్చుచుండెను.

తల్లిపాల బిడ్డ పెరుగుదల అంతే. పుట్టిన మొదటి దినములలో కొంచెము తగ్గి, రెండు వారములలో తిరిగి పుంజుకొని, మూడు నెలలు వేగముగా పెరిగి, పిమ్మట నెమ్మదించును. 1977 నాటి అమెరికా పట్టిక ఎక్కువగా సీసాపాల పిల్లలను చూచి వేసినది. దానితో కొలిస్తే మన పిల్లలు వెనుకబడినట్లే కనబడుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుండి 2003 వరకు ఆరు దేశములలో, మన ఢిల్లీతో సహా, తల్లిపాలు త్రాగిన పిల్లలను తూచి 2006లో క్రొత్త పట్టిక ఇచ్చెను. అందులో ఆడబిడ్డ సగటు తూకము పుట్టినప్పుడు 3.2 కిలోలు, మూడు నెలలకు 5.8, ఆరింటికి 7.3, తొమ్మిదింటికి 8.2, ఏడాదికి 8.9. అనగా మొదటి మూడు నెలలలో 2.6 కిలోలు, చివరి మూడింటిలో 700 గ్రాములే! మగబిడ్డ కొంచెము ఎక్కువ తూగును.

ఆ పిల్ల చిన్నదే గాని, తన గీత వెంటనే నడచుచున్నది. దినమునకు ఆరేడుసార్లు మూత్రము పోయుచున్నది, నవ్వుచున్నది. ఇది చెప్పగా అత్తగారు చాలసేపు కార్డు వైపు చూచి, ఆ డబ్బుతో కోడలికి గుడ్లు, పప్పు తెప్పించిరి. హన్నా సమూయేలు పాలు విడుచువరకు ఏటేటి బలికి వెళ్ళక ఇంటనే ఉండెను. ఎల్కానా ఆమెను తొందరపెట్టలేదు. అట్టి భర్తలు మన సంఘములలో ఎందరో!

అయితే నెలంతా తూకము పెరగకపోయినా, గీత క్రిందికి దిగినా, బిడ్డ మందముగా ఉండి పాలు పట్టకపోయినా, ఆదివారము వరకు ఆగవద్దు. ఆసుపత్రికి బయలుదేరుడి, దారిలో ప్రార్థించవచ్చును.

ఆరు నెలలు నిండినపిమ్మట పాలొక్కటే చాలవు. మెత్తగా మెదిపిన పప్పన్నము, గుడ్డు, ఆకుకూర పెట్టుచు పాలు రెండేండ్లవరకు ఇయ్యవలెను. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము కొన్ని ఇండ్లలో పెద్దపిల్లలే తినుచున్నారు. అది చంటిబిడ్డ వంతు.