నాన్న టెన్నిస్ ఆడలేదు

మీ ఇంట్లో ఎవరికైనా మోకాలో మోచెయ్యో చాన్నాళ్ళుగా నొప్పి పెడుతుంటే, పీఆర్‌పీ అనే మాట ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. పేరు పెద్దదే గానీ పద్ధతి చిన్నదే. మన రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి, నొప్పి ఉన్నచోట సూదితో ఎక్కిస్తారు. మందు బయటి నుంచి రాదు, మన ఒంట్లోంచే వస్తుంది. జనానికి నచ్చేది ఆ మాటే.

ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగ్యూ సీజన్ గుర్తొస్తుంది. హాస్టల్లో ఎవడికి జ్వరమొచ్చినా ముందు అడిగేది "కౌంట్ ఎంతరా?" అనే కదా. మామూలు మనిషికి మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. గాయమైన చోట గుమిగూడి రక్తం కారకుండా ఆపడం వాటి పని అని స్కూల్లో చదువుకున్నాం. వాటికి ఇంకో పని కూడా ఉంది. లోపల చిన్న చిన్న సంచుల్లాంటి వాటిల్లో గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు దాచుకుని, గాయం దగ్గర వాటిని వదులుతాయి. మరమ్మతు చేసే కణాలకు అది పిలుపు. టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం, అక్కడికి రక్తం తక్కువగా పారుతుంది. అందుకే దెబ్బతింటే తొందరగా మానదు. రక్తం చేరనిచోటికి ప్లేట్‌లెట్లను మనమే తీసుకెళ్ళి దింపితే మానుతుంది కదా అన్నది పీఆర్‌పీ వెనక ఉన్న లాజిక్.

వేరుచేయడం మన సబ్జెక్టే. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కి పోతాయి, పసుపుపచ్చటి ప్లాస్మా పైకి తేలుతుంది, మధ్యలో సన్నటి తెల్లటి పొర ఒకటి నిలుస్తుంది. ఎంత స్పీడు, ఎంతసేపు, ఒకసారా రెండుసార్లా అన్నదాన్ని బట్టి చివరికి సిరంజిలోకి వచ్చేది మారిపోతుంది. ఒకచోట తెల్లకణాలు కలిపి ఇస్తారు, ఇంకోచోట తీసేస్తారు. కాబట్టి పారాసెటమాల్ 500 అన్నట్టు పీఆర్‌పీ ఇంత అని చెప్పడానికి లేదు. పేరు ఒకటే, లోపలి సరుకు చోటుకో రకం.

దీనికి పేరు తెచ్చింది ఆటగాళ్ళు. 2009లో సూపర్ బౌల్‌కు ముందు మోకాలి లిగమెంటు దెబ్బతిన్న హైన్స్ వార్డ్ ఈ ఇంజక్షన్ వేయించుకుని మ్యాచ్ ఆడాడు. టైగర్ వుడ్స్ కూడా మోకాలికి వేయించుకున్నట్టు 2010లో చెప్పాడు. డోపింగును అరికట్టే వాడా సంస్థ 2010లో కండరంలోకి పీఆర్‌పీ ఎక్కించడాన్ని నిషేధించి, 2011లో ఆ నిషేధం ఎత్తేసింది. ఆటగాళ్ళ నుంచి అది మెల్లగా మామూలు మనుషుల దాకా వచ్చింది. అలా మా నాన్న దాకా వచ్చింది.

నాన్నకి నరసరావుపేటలో టిఫిన్ సెంటర్. తెల్లారుజామున నాలుగింటికి లేచి గ్రైండర్లో రాయి ఎత్తి పిండి తీస్తాడు. ఆ తర్వాత పదింటి దాకా పెనం ముందే. అట్లకాడతో తిప్పడం, గుడ్డ పిండటం, ఇడ్లీ పాత్ర దించడం, అన్నీ కుడిచేత్తోనే. పోయిన ఏడాది ఆ మోచేతి బయటివైపు ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ముందు జండూబామ్ అన్నాడు, తర్వాత పట్టీ కట్టాడు. ఒకరోజు చట్నీ గిన్నె ఎత్తబోతే చేతిలోంచి జారిపోయింది. అప్పుడు గుంటూరు వెళ్ళాం. డాక్టరు నొక్కి చూసి, మణికట్టు పైకి లేపమని చూసి, "టెన్నిస్ ఎల్బో" అన్నాడు.

నాన్న బయటికొచ్చాక, "టెన్నిస్ బ్యాటు ఎట్టా ఉంటదో కూడా ఎరగను, నాకెందుకొచ్చిందమ్మా ఇది?" అన్నాడు. పేరు అలా పడిపోయింది గానీ, మణికట్టును పైకి లేపే కండరాల టెండన్ మోచేతి ఎముకకు అతుక్కునే చోట అరిగితే వచ్చే జబ్బది. తాపీమేస్త్రీలకూ వస్తుంది, వడ్రంగులకూ వస్తుంది, అట్లు పోసేవాళ్ళకూ వస్తుంది.

డాక్టరు చెప్పింది రెండు దారులు. స్టెరాయిడ్ ఇంజక్షన్ చవక, తొందరగా తగ్గుతుంది, కానీ తిరగబెట్టొచ్చు. పీఆర్‌పీ అయితే రెండు డోసులు, మొత్తం 18,000. ఆలోచించుకుని రమ్మన్నాడు. బస్సులో నాన్న, "నువ్వు చదువుకుంటున్నావుగా, చూసి చెప్పు. నువ్వేదంటే అదే" అన్నాడు. నా హాస్టల్ ఫీజు వాయిదా కూడా ఆ నెలలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ వారం ల్యాబ్ రికార్డులు పక్కన పెట్టి ఇవే చదివాను. మొదట దొరికింది 2010లో నెదర్లాండ్స్‌లో 100 మంది మీద చేసిన ప్రయోగం. సగంమందికి పీఆర్‌పీ, సగంమందికి స్టెరాయిడ్. ఏడాది తర్వాత చూస్తే నొప్పి బాగా తగ్గినవాళ్ళు పీఆర్‌పీలో 73 శాతం, స్టెరాయిడ్‌లో 49 శాతం. ఇది చదవగానే ఇంటికి ఫోన్ చేసి "వేయించుకో నాన్నా" అనాలనిపించింది.

అయితే స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్ళు అసలు ఎలా ఉంటారు? దానికి జవాబు 2006 నాటి బ్రిస్బేన్ ప్రయోగంలో దొరికింది. 198 మందిని మూడు గుంపులు చేశారు: స్టెరాయిడ్, ఫిజియోథెరపీ, ఏమీ చేయకుండా వేచి చూడటం. ఆరు వారాలకు స్టెరాయిడ్ వాళ్ళు అందరికంటే ముందున్నారు. ఆ తర్వాత చాలామందికి తిరగబెట్టింది. ఏడాదికి వాళ్ళే వెనకబడ్డారు. వేచి చూసినవాళ్ళలో ఎక్కువమందికి దానంతటదే తగ్గింది.

ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రయోగం చూడండి. పీఆర్‌పీ పందెం వేసింది కాలక్రమంలో వెనకబడిపోయేవాడితో. ఆ పందెంలో గెలిచినంత మాత్రాన అది పరుగెత్తిందని కాదు, నిలబడి ఉన్నా గెలిచేది. అసలు పోటీ ఉత్త ఉప్పునీళ్ళ సూదితో పెట్టాలి. డెన్మార్క్‌లో 2013లో అలాగే పెట్టారు. 60 మంది, మూడు గుంపులు: పీఆర్‌పీ, స్టెరాయిడ్, సెలైన్. మూడు నెలలకు నొప్పిలో తేడా కనపడలేదు. 60 మంది తక్కువే అనుకుంటే, 2021లో కాక్రేన్ వాళ్ళు 32 ప్రయోగాలు, 2,337 మంది లెక్కలు కలిపి చూశారు. మోచేతి నొప్పికి ఇలా సొంత రక్తం, పీఆర్‌పీ ఎక్కించడం వల్ల చెప్పుకోదగ్గ మేలు బహుశా లేదన్నారు.

మోకాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది అమ్మలకు ఉండేది అదే. చండీగఢ్ పీజీఐలో 78 మందికి చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. అందులో సెలైన్ కంటే పీఆర్‌పీ వాళ్ళకే ఆరు నెలల్లో బాగుంది. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందికి వారానికొకటి చొప్పున మూడు ఇంజక్షన్లు ఇచ్చి ఏడాది చూశారు. నొప్పిలోనూ, మోకాలి కార్టిలేజ్ అరుగుదలలోనూ సెలైన్‌తో పోలిస్తే పెద్ద తేడా రాలేదు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అందుకని "మోసం" అని కొట్టిపారేయడం తప్పు, "అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుంది" అని గోడల మీద రాయడం అంతకంటే తప్పు.

ఆదివారం ఇంటికెళ్ళి, పెనం కడిగేశాక ఇదంతా నాన్నకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆ ఉప్పునీళ్ళ సూది వేయించుకున్నోళ్ళకి కూడా తగ్గిందా?"

"తగ్గింది నాన్నా."

"మరి నీళ్ళకే తగ్గితే, నొప్పి ఉత్తదేనంటావా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఏ గ్రాఫూ లేదు. "నొప్పి నిజమే నాన్నా. నొప్పి బాగా ముదిరినప్పుడే కదా డాక్టరు దగ్గరికి పోతాం. అక్కణ్ణుంచి అది ఎటూ కొంత దిగుతుంది. సూది పడింది, తగ్గుద్దన్న నమ్మకం కూడా కొంత తగ్గిస్తుంది. దిగినదంతా మందు ఖాతాలో రాసుకుంటాం" అన్నాను. నాన్న కాసేపు మోచెయ్యి నిమురుకున్నాడు. "అయితే దాన్ని అరగదీసే పని తగ్గించాలి గదా ముందు" అన్నాడు. నేను వారం రోజులు చదివి చెప్పలేకపోయిన మాట అది.

ఆ 18,000కి ఇంకొంచెం కలిపి, రాయి ఎత్తక్కర్లేకుండా వంచితే పిండి వచ్చే టిల్టింగ్ గ్రైండర్ కొన్నాం. గుడ్డలు పిండే పని అమ్మా, నేనుంటే నేనూ. ఫిజియోథెరపిస్టు నేర్పిన కసరత్తు ఒకటి పెట్టుకున్నాడు: ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, నీళ్ళ సీసా పట్టుకుని మణికట్టును మెల్లగా దించడం. సీసాలో నీళ్ళు వారం వారం కాస్త పెంచుకుంటూ పోయాడు. మొదటి రెండు నెలలు ఏమీ తగ్గలేదు. అప్పుడు మా అమ్మ నన్ను చూసిన చూపులు నాకింకా గుర్తే. డబ్బులకు చూసి నాన్న చెయ్యి పాడుచేశానేమో అని నాకూ రాత్రిళ్ళు అనిపించేది. నాలుగో నెలలో గిన్నె ఎత్తాడు. ఇప్పుడు ఎనిమిది నెలలు. చలి పొద్దుల్లో ఒక్కోసారి సలుపుతుందంటాడు, పని మాత్రం ఆగలేదు.

దేనివల్ల తగ్గింది? గ్రైండరా, సీసానా, కాలమా? ఒక్క చేతిని చూసి చెప్పడం కుదరదు. ఆ రోజు పీఆర్‌పీ వేయించి ఉన్నా, ఈపాటికి నాన్న బహుశా ఇలాగే అట్లు పోస్తూ ఉండేవాడు. టిఫిన్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ చెయ్యి చూపించి, "గుంటూర్లో సూది వేయించా, మంత్రం వేసినట్టు తగ్గింది" అని చెప్పేవాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండేది కాదు. మీకు ఎవరైనా అలా చెప్తే నమ్మండి, వాళ్ళకు తగ్గే ఉంటుంది. డబ్బు కట్టే ముందు మాత్రం ఒకటి అడగండి: దేంతో పోలిస్తే?